డేగ వాలే పల్లం

విశాఖలో పొద్దున్నే పేపరు తిరగేసేవాళ్లకి ఒక సంగతి తెలుసు. మా ఊరికి ఉష్ణోగ్రత ఒకటి కాదు, రెండు. వాల్తేరుకి ఒక అంకె వేస్తారు, విమానాశ్రయానికి ఇంకో అంకె. మే నెలలో వాల్తేరు కంటే విమానాశ్రయం అంకె మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువున్న రోజులు ఉంటాయి. డిసెంబరు తెల్లవారుజామున వరస తిరగబడుతుంది. పగలు ఎక్కువ కాగిన చోటే రాత్రి ఎక్కువ చల్లారుతుంది. చిన్నప్పుడు ఈ తేడా అచ్చుతప్పేమో అనుకునేవాణ్ణి. ఒకే ఊరు, పది పన్నెండు కిలోమీటర్ల దూరం, ఇంత తేడా ఎందుకుంటుంది? ఆ రెండో అంకె వెనక ఎన్ని కొండలున్నాయో, దాన్ని పగలూ రాత్రీ ఎవరు ఎందుకు రాసుకుంటున్నారో తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ రెండో అంకె పుట్టే చోటు ఐఎన్‌ఎస్ డేగ. తూర్పు నౌకాదళానికి చెందిన వైమానిక స్థావరం. 1991 అక్టోబరు 21న ఆ పేరుతో నౌకాదళంలో చేరింది. తన వైమానిక స్థావరాలకు పక్షుల పేర్లు పెట్టుకోవడం మన నౌకాదళం ఆనవాయితీ. కొచ్చిలో గరుడ, గోవాలో హంస, ముంబయిలో శిక్రా, అరక్కోణంలో రాజాలి. రాజాలి తమిళుల మాట, డేగ మన మాట. పంజాబు నుంచి వచ్చిన పైలట్టూ, కేరళ నుంచి వచ్చిన మెకానిక్కూ రోజుకి పదిసార్లు పలికే ఒక తెలుగు పిట్ట పేరు అది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మనం 'వైజాగ్ ఎయిర్‌పోర్టు' అని పిలిచేదాంట్లో టెర్మినల్ పౌర విమానాలది. రన్‌వే, టవరు నౌకాదళానివి. హైదరాబాదు నుంచి పెళ్లికొచ్చే చుట్టాల విమానమైనా, సముద్రం మీద గస్తీ తిరిగి వచ్చే డోర్నియర్ అయినా, కుర్ర పైలట్లు చేయి తిప్పుకునే హాక్ శిక్షణ విమానమైనా వాలేది ఆ ఒక్క పట్టీ మీదే. పొడవు 3,050 మీటర్లు, వెడల్పు 45 మీటర్లు. ఇది 2007లో వాడుకలోకి వచ్చింది. అంతకుముందు ఉన్నది 6,000 అడుగుల పాత రన్‌వే. పెద్ద విమానాలకు అది చాలేది కాదు. బీచ్ రోడ్డులో పిల్లలు ఎక్కి చూసే టీయూ-142 ఉందే, నాలుగు ఇంజన్ల ఆ భారీ విమానం 29 ఏళ్ల కొలువు ముగించుకుని 2017 ఏప్రిల్‌లో ఆఖరిసారి వాలింది ఈ కొత్త పట్టీ మీదే. దాన్ని విడదీసి బీచ్ రోడ్డుకి తెచ్చి మ్యూజియం చేశారు.

గిన్నె అడుగున

మ్యాపు తెరిచి చూడండి. ఉత్తరాన సింహాచలం కొండల వరస. దక్షిణాన యారాడ కొండ, దాని కొసన సముద్రంలోకి మూతి చాచిన డాల్ఫిన్స్ నోస్. ఈ రెండు వరసల మధ్య పొడుగాటి పల్లం. తూర్పు కొసన ఓడరేవు మీదుగా సముద్రానికి తెరుచుకున్న నోరు. గాలి కాలుష్యం మీద పరిశోధన చేసినవాళ్లు ఈ పల్లాన్ని 'గిన్నె' అంటారు. రన్‌వే ఆ గిన్నె అడుగున, రెండు కొండల వరసలకీ ఇంచుమించు సమాంతరంగా, తూర్పు నుంచి పడమరకు పడుకుని ఉంటుంది. రన్‌వే కొసల మీద తెల్లరంగుతో 10 అనీ 28 అనీ రాస్తారు. 100 డిగ్రీల దిక్కు, 280 డిగ్రీల దిక్కు అని అర్థం. చివరి సున్నా రాయరు, అంతే.

ఆ పల్లం మొదటి నుంచీ నీళ్లది. సముద్రపు పోటు లోపలిదాకా ఎక్కే ఉప్పుటేరు, దాని చుట్టూ బాడవ నేల, మడ చెట్లు. ఆ బాడవని తవ్వే 1933లో ఓడరేవు కట్టారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఈ పల్లంలో విమానాలూ దిగడం మొదలైంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన తరవాత ఊరికి ఊరే ఖాళీ అయిన కథలు మా తాతల తరం చెప్పేది. సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో, కొండల నడుమ, ఏటి పక్కన విమానాశ్రయం ఎవరైనా కోరి కడతారా అంటే కట్టరు. ఓడరేవుకు ఏ కొండ రక్షణ ఇచ్చిందో ఆ కొండ పక్కనే యుద్ధకాలపు అవసరం దీన్ని కూర్చోబెట్టింది. కూర్చోబెట్టాక ఇక్కడి గాలితోనూ నీళ్లతోనూ వేగడం ఇక్కడి వాళ్లకి రోజువారీ పనైంది. నేను రాయదలచుకున్నది ఆ పని గురించే.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. నౌకాదళంలో వాతావరణ విభాగంలో పనిచేసి ఎప్పుడో రిటైరయ్యారు. వీధిలో అందరికీ బాబాయి గారే. కొచ్చిలో నౌకాదళానికి సముద్ర, వాతావరణ శాస్త్రాల బడి ఒకటుంది. అక్కడ చదువుకుని, ఓడల మీదా ఒడ్డు మీదా మేఘాలు లెక్కపెట్టి వచ్చారు. లెక్కపెట్టడం అన్నది మాటవరసకి అనడం లేదు. ఆకాశాన్ని మనసులో ఎనిమిది ముక్కలుగా కోసి, ఎన్ని ముక్కలు మేఘం కప్పిందో చెప్పాలి. ఒకటో రెండో ముక్కలైతే ఒక మాట, మూడు నాలుగైతే ఇంకో మాట, అయిదు నుంచి ఏడు దాకా మరో మాట, ఎనిమిదీ కప్పేస్తే ఆఖరి మాట. దానికి మేఘం అడుగు ఎంత ఎత్తులో ఉందో కలపాలి. గాలి ఏ దిక్కు నుంచి ఎన్ని నాట్లు, చూపు ఎన్ని మీటర్లు ఆనుతోంది, ఉష్ణోగ్రత ఎంత, తుషార బిందువు ఎంత, పీడనం ఎంత. ఇదంతా ఒక్క వరసలో పొట్టి అక్షరాల్లో, అంకెల్లో ఇమిడ్చి అరగంటకోసారి పంపుతారు. దాంట్లో గడియారం కూడా మనది కాదు. మనకన్నా అయిదున్నర గంటలు వెనక నడిచే ప్రపంచ గడియారం. ఢిల్లీలో బయల్దేరబోయే పైలట్టుకి విశాఖ అంటే ముందుగా ఆ ఒక్క వరసే.

ఆ వరసలో ఉష్ణోగ్రతకీ తుషార బిందువుకీ తేడా తగ్గుతూ వస్తుంటే మంచు పట్టబోతోందని గుర్తు. రెండు అంకెలూ కలిశాయంటే గాలిలో తేమ ఇక ఇమడలేక చిన్న చిన్న నీటి బిందువులై తేలుతుంది. చలికాలం రాత్రి గాలి నిలిచిపోయినప్పుడు కొండవాలుల మీద చల్లబడిన గాలి బరువెక్కి మెల్లగా కిందికి జారుతుంది. జారి గిన్నె అడుగున మడుగు కడుతుంది. దాని పైన కాస్త వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. ఓడరేవు దుమ్ము, ఫ్యాక్టరీల పొగ, జాతీయ రహదారి మీద లారీల పొగ ఆ మూత కిందే ఉండిపోతాయి. పొగ రేణువుల చుట్టూ నీరు పట్టుకోవడం తేలిక కాబట్టి మంచు ఇంకా చిక్కబడుతుంది. వాల్తేరు మిట్ట మీద ఎండ కాస్తుంటే గోపాలపట్నంలో ఎదుటి బస్సు నంబరు కనపడని ఉదయాలు అందుకే వస్తాయి.

అలాంటి ఒక జనవరి ఉదయం హైదరాబాదు నుంచి వస్తున్నాను. కిటికీలోంచి చూస్తే సముద్రం నీలంగా మెరుస్తోంది. ఓడలు చుక్కల్లా కనపడుతున్నాయి. కొండల తలలు తేటగా ఉన్నాయి. వాటి నడుమ పాలు పోసినట్టు తెల్లగా ఒక పొర. మా ఊరు ఆ పొర కింద ఉంది. విమానం రెండు చుట్లు తిరిగింది, మూడోసారి కిందికి దిగి, దిగినట్టే దిగి, ఇంజన్లు ఒక్కసారి గర్జించి మళ్లీ పైకి లేచింది. పక్కసీటు ఆవిడ నరసింహస్వామిని తలుచుకుని దండం పెట్టుకున్నారు. చివరికి మమ్మల్ని వెనక్కి తీసుకెళ్లి దించారు. లోపల చాలామందికి కోపం వచ్చింది. ఎండ కాస్తోంది కదా, రన్‌వే అక్కడే ఉంది కదా అని.

ఆ తర్వాత బాబాయి గారు ఓపిగ్గా చెప్పారు. దించే రేడియో వ్యవస్థ, ఐఎల్‌ఎస్ అంటారు, విమానాన్ని సరైన దారిలో సరైన వాలుతో కిందిదాకా తెస్తుంది. కానీ సాధారణ స్థాయి ఐఎల్‌ఎస్‌తో ఆఖరి అడుగులు పైలట్టు కళ్లతో చూసి వేయవలసినవే. ఒక నిర్ణీత ఎత్తుకి వచ్చేసరికి రన్‌వే దీపాలు కనపడితే దిగాలి, లేకపోతే మారు ఆలోచన లేకుండా లేచిపోవాలి. ఆ స్థాయిలో దిగడానికి అంతర్జాతీయ నియమాలు పెట్టిన కనీసపు చూపు 550 మీటర్లు. చుట్టూ కొండలూ గుట్టలూ ఉన్న చోట అంతకన్నా ఎక్కువే కావాలంటారు. ఆ చూపుని కొలవడానికి రన్‌వే పక్కన ఒక దీపం, కొంత దూరంలో దాని వెలుగుని అందుకునే కన్ను పెడతారు. దారిలో మంచు ఎంత వెలుగుని మింగేసిందో చూసి మీటర్లలో చెబుతుంది. మన దేశంలోనే తయారైన అలాంటి పరికరం పేరు 'దృష్టి'. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ చేసింది. మా విమానం లేచిపోయిన ఆ క్షణంలో పైలట్టు చేసింది తన పనిలోకెల్లా కష్టమైన పని అని ఇప్పుడు తెలుసు. ఇన్ని వందల మంది ఇల్లు కిందే కనపడుతుండగా వెనక్కి తిప్పడం తేలికేమీ కాదు.

గాలి సంగతి ఇంకో తీరు. విమానం ఎప్పుడూ గాలికి ఎదురొడ్డి దిగాలి, ఎదురొడ్డి లేవాలి. ఎదురుగాలి ఎంతుంటే నేల మీద వేగం అంత తగ్గుతుంది, పరుగు అంత తగ్గుతుంది. ఇక్కడ ఐఎల్‌ఎస్ ఉన్నది 28 వైపు, అంటే సముద్రం మీంచి, ఓడరేవు మీంచి వచ్చే దారికి. పడమటి గాలి ఉన్న రోజున అంతా సవ్యం. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే అది వీపు మీద తోస్తుంది. చాలా రకాల విమానాలకు వెనకగాలి హద్దు 10 నుంచి 15 నాట్లు. ఇక నైరుతి గాలి అయితే ఎదురూ కాదు, వెనకా కాదు, ఏటవాలు. 230 డిగ్రీల దిక్కు నుంచి 20 నాట్ల గాలి వీస్తోందనుకోండి. రన్‌వే 280. మధ్య కోణం 50 డిగ్రీలు. లెక్క కడితే 13 నాట్లు ఎదురుగా సాయపడుతుంది, 15 నాట్లు పక్కనుంచి తోసేస్తుంది. పెద్ద జెట్‌కి అది మామూలే. చిన్న డోర్నియర్‌కి మాత్రం రెక్క వంచి, ముక్కు తిప్పి, చక్రాలు తాకే ముందు మళ్లీ సరిచేసుకోవలసిన గాలి. పైగా యారాడ కొండ దాటి వచ్చే గాలి తిన్నగా రాదు. గెడ్డలో బండరాయి దాటిన నీళ్లు ఎలా సుళ్లు తిరుగుతాయో అలా తిరుగుతూ వస్తుంది.

ఎండాకాలపు ఉరుములు వేరే భయం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఉడకబెట్టి, నాలుగింటికి తూర్పు కనుమల వైపు నుంచి నల్లగా కమ్ముకొస్తుంది. పేపర్లు క్యుములోనింబస్ అని రాస్తాయి. అలాంటి మేఘం నుంచి కిందికి దిగే చల్లని గాలి నేలను తాకి నాలుగు పక్కలకీ విరజిమ్ముతుంది. దిగబోయే విమానానికి ముందు ఎదురుగాలి, క్షణాల్లో వెనకగాలి తగులుతుంది. రెక్కకి ఆధారం చటుక్కున జారిపోతుంది. అందుకే ఉరుము నెత్తి మీద ఉండగా టవరు వాళ్లూ తొందరపడరు, తెలిసిన పైలట్టూ తొందరపడడు.

మేఘాల మాట వస్తే ఎన్‌ఏడీ కూడలి దగ్గర కాసేపు ఆగకుండా ఉండలేను. ఆ కూడలికి పేరిచ్చింది నేవల్ ఆర్మమెంట్ డిపో. 2016 జులై 22న చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 బంగాళాఖాతం మీద కనపడకుండా పోయింది. అందులో 29 మంది. వారిలో ఎనిమిది మంది ఈ డిపోలో పనిచేసే విశాఖవాళ్లు. దారిలో మేఘాలు తప్పించుకోవడానికి పక్కకి మళ్లుతున్నామన్నది ఆ విమానం నుంచి వచ్చిన ఆఖరి కబుర్లలో ఒకటి. ఏడేళ్లు దాటాక, 2024 జనవరిలో, సముద్రంలో 3,400 మీటర్ల లోతున శకలాలు దొరికాయని ప్రకటించారు. ఆ ఏడేళ్లూ ఆ ఇళ్లల్లో ఎలా గడిచాయో నేను రాయలేను.

మూడు మిల్లీమీటర్లు

ఇప్పుడు నేల సంగతి. రన్‌వే దూరానికి చదునుగా కనపడుతుంది గాని నడుమ వెన్నుపూసలా ఎత్తు ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం నడిమి గీత నుంచి రెండు అంచులకీ ఒకటి నుంచి ఒకటిన్నర శాతం వాలు ఉండాలి. 45 మీటర్ల వెడల్పుకి లెక్కేస్తే అంచు కంటే నడుము జానెడో, అంతకు కొంచెం ఎక్కువో ఎత్తు. ఇంటి మేడ మీద వాననీరు తూము వైపు పోవడానికి తాపీమేస్త్రి పెట్టే వాటం లాంటిదే ఇదీ. చినుకు పడ్డది పడ్డట్టు అంచులకి జారిపోవాలి. జారకపోతే ఏమవుతుందో చూద్దాం.

2021 నవంబరు నుంచి ప్రపంచమంతటా పౌర విమానయానం రన్‌వే తడిని ఒకే కొలతతో చెబుతోంది. రన్‌వేని మూడు ముక్కలుగా చూసి ఒక్కోదానికి సున్నా నుంచి ఆరు దాకా మార్కు వేస్తారు. పొడిగా ఉంటే ఆరు. తడిసినా నీళ్లు మూడు మిల్లీమీటర్లకి మించకపోతే అయిదు. మూడు దాటి నిలిచాయా, మార్కు ఏకంగా రెండుకి పడిపోతుంది. మూడు మిల్లీమీటర్లంటే రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం. అంత పలచని నీటికి ఇంత భయం ఎందుకంటే, వేగంగా దొర్లే చక్రం ముందు ఆ నీరు పక్కకి తప్పుకునే వ్యవధి ఉండదు. చక్రం కిందే చిక్కి దాన్ని పైకెత్తుతుంది. చక్రం నేలని వదిలి నీటి మీద జారుతుంది. అప్పుడు బ్రేకు తొక్కినా ఒకటే, తొక్కకపోయినా ఒకటే. ఇది ఏ వేగంలో మొదలవుతుందో చెప్పడానికి నాసా వాళ్లు ఇచ్చిన సూత్రం ఒకటుంది. టైరులోని గాలి పీడనానికి వర్గమూలం కట్టి తొమ్మిదితో గుణించడమే. చదరపు అంగుళానికి 200 పౌండ్ల పీడనముంటే 127 నాట్లు వస్తుంది. గంటకి దాదాపు 235 కిలోమీటర్లు. ప్రయాణికుల జెట్ విమానాలు నేలని తాకే వేగం సుమారుగా ఆ చుట్టుపక్కలే. అంటే చక్రం తగిలిన మొదటి క్షణాలే అన్నిటికన్నా ప్రమాదం.

తడి నేలా, వెనకగాలీ కలిస్తే ఏమవుతుందో కోళికోడ్ చూపించింది. 2020 ఆగస్టు 7 రాత్రి, వాన. దుబాయి నుంచి వచ్చిన విమానం ఒక వైపు నుంచి దిగడానికి ప్రయత్నించి కుదరక, రెండో వైపు నుంచి వెనకగాలితో దిగింది. రన్‌వే ఇంచుమించు సగం అయిపోయాక చక్రాలు తాకాయి. అది కొండ మీది రన్‌వే. చివర లోయ. 21 మంది పోయారు. ఆ రన్‌వే మీద ఆ రెండో వైపు అంకె కూడా 10. మా అంకె చూసినప్పుడల్లా నాకది గుర్తొస్తుంది.

ఇక్కడ లోయ లేదు, గెడ్డ ఉంది. రన్‌వే వెన్ను మీంచి జారిన నీరు పక్క కాలవల్లోకి, కాలవల్లోంచి మేఘాద్రి గెడ్డ వైపు, అక్కణ్ణుంచి ఓడరేవు మీదుగా సముద్రంలోకి పోవాలి. ఎగువన మేఘాద్రి రిజర్వాయరు ఉంది. గట్టి వాన పడితే దాని గేట్లు ఎత్తాలి. దిగువన సముద్రపు పోటు ఉంది. పోటు వేళ ఏరు వెనక్కి నిండుతుంది. పై నీళ్లూ, కింద పోటూ, నెత్తిన వానా ఒకేసారి కలిస్తే ఈ పల్లానికి పోయే దారి ఉండదు. రన్‌వే నీళ్లపాలై విమానాలు ఆగిన రోజులు ఈ ఊరు చూసింది. గెడ్డ పొడుగునా పూడికా, చెత్తా, ఆక్రమణలూ పెరిగేకొద్దీ ఆ రోజులు మళ్లీ రావడం తేలికవుతుంది. గెడ్డని మన ఇంటి ముందు మురికి కాలవగా చూస్తున్నాం గాని, అది ఒక నౌకాదళ రన్‌వేకి తూము అని ఎవరికీ తట్టడం లేదు. ఈ విషయంలో నాకు బాధ ఉంది, దాచుకోను.

వాన వెలిసినా పని అయిపోదు. దిగే ప్రతి విమానం చక్రం తాకిన చోట కాస్త రబ్బరు వదిలిపోతుంది. అది పేరుకుని నున్నబడి, తడిసినప్పుడు పాచిలా జారుతుంది. దాన్ని గట్టి నీటి ధారతో గీకి తీయాలి. పైపొర అరిగిపోతే కొత్త పొర పరవాలి. 2023-24 చలికాలంలో కొన్ని నెలలు రాత్రి విమానాలు ఆపి ఆ పనే చేశారు. ఇవి కాక, రన్‌వే మీద పడ్డ ఏ చిన్న వస్తువూ ఉండకూడదు. బోల్టు, గులకరాయి, తెగిన రేకు ముక్క ఏదైనా జెట్ ఇంజను లోపలికి పీల్చేసుకుంటుంది. నౌకాదళ స్థావరాల్లో ఒక అలవాటు ఉంది. సిబ్బంది భుజం భుజం కలిపి వరసగా నిలబడి, తలలు వంచుకుని, నెమ్మదిగా నడుస్తూ నేల మీద దొరికిందల్లా ఏరుతారు. హోదా ఏదైనా వంగవలసిందే. వరిచేలో నాట్లు వేసే వరస గుర్తొస్తుంది నాకు.

పక్షుల బెడద మరొకటి. బాడవలో చేపలు, ఒడ్డున చెత్త, రెండూ కొంగల్నీ గద్దల్నీ పిలుస్తాయి. డేగ పేరు పెట్టుకున్న స్థావరానికి అసలు డేగలతోనే రోజూ పోరు. ప్రహరీ బయట మాంసం వ్యర్థాలు పారేసేవాళ్లు ఈ ముక్క చదివితే బాగుండును.

2014 అక్టోబరు 12

ఆ రోజు ఆదివారం. అండమాన్ సముద్రంలో ఆరో తేదీన అల్పపీడనంగా మొదలై, ఎనిమిదిన తుపానై, పదిన పెను తుపానైంది హుద్‌హుద్. ఒమన్ పెట్టిన పేరు. అదీ పిట్ట పేరే. మనం కూకుడు గువ్వ అంటాం. వాతావరణ శాఖ రోజుల ముందే విశాఖ పేరు చెప్పింది, వేళ కూడా దాదాపు చెప్పింది. తుపాను వస్తోందంటే తీర స్థావరాల్లో ఎగరగలిగిన విమానాల్ని దూరపు స్థావరాలకి పంపేస్తారు. మిగిలినవాటిని హ్యాంగర్లలో పెట్టి గొలుసులతో నేలకి కట్టేస్తారు. తరవాత మనుషులు కూర్చుని అంకెలు చూస్తారు. వేరే ఏమీ చేయడానికి ఉండదు.

మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య తుపాను తీరం దాటింది, మా ఊరి మీదే. గాలి వేగం గంటకి 180 కిలోమీటర్లు. మాకు ముందు ఉత్తరం నుంచి కొట్టింది. చెట్లన్నీ ఒక పక్కకి ఒరిగి విరిగాయి. కిటికీ రెక్కలు ఊడి ఎటో పోయాయి. ఉన్నట్టుండి గాలి ఆగింది. వెలుతురు వచ్చింది. వీధిలోకి జనం వచ్చారు. అప్పుడే బాబాయి గారు గుమ్మంలోకి వచ్చి, నేను ఎప్పుడూ విననంత గట్టిగా, లోపలికి పొండని అరిచారు. ఇది కన్ను, ఇప్పుడు దక్షిణం నుంచి వస్తుంది అని. కాసేపటికి అలాగే వచ్చింది. మొదటి గాలికి నిలబడ్డ చెట్లు రెండో గాలికి పోయాయి.

తుపాను నడిబొడ్డున పీడనం 950 హెక్టోపాస్కల్స్ అని వాతావరణ శాఖ లెక్క. మామూలు రోజున 1,010 చుట్టూ ఉంటుంది. విమానంలో ఎత్తు చూపే మీటరు నిజానికి పీడనం కొలిచే మీటరే. పీడనం ఒక్క అంకె తప్పితే ఎత్తు ఎనిమిది మీటర్లకు పైగా తప్పుతుంది. మామూలు రోజు పీడనానికి అమర్చి వదిలేసిన మీటరైతే, ఆ మధ్యాహ్నం నేల మీద కట్టేసిన విమానంలో కూర్చుని అర కిలోమీటరు ఎత్తున ఎగురుతున్నట్టు చూపించేది. అరగంటకోసారి పంపే ఆ వరసలో చివర ఉండే నాలుగంకెల విలువ ఏమిటో నాకు ఆ లెక్కతో తెలిసింది.

కైలాసగిరి మీద తుపానుని చూస్తూ వచ్చిన డాప్లర్ రాడార్ కూడా ఆ గాలికి దెబ్బతింది. విమానాశ్రయం టెర్మినల్ పైకప్పు లేచిపోయింది. అద్దాలు పగిలాయి. లోపలి తొడుగంతా ఊడి వేలాడింది. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. రన్‌వే మీద రేకులు, గాజు, కొమ్మలు, మట్టి. ఊళ్లో కరెంటు లేదు, ఫోను లేదు, రోడ్ల నిండా పడిపోయిన చెట్లు. మూడోనాడు, 14న, ప్రధాని వచ్చారు. 17 నుంచి ప్రయాణికుల విమానాలు మళ్లీ తిరిగాయి. కప్పు లేని టెర్మినల్‌తోనే. ఈ నడుమ రోజుల్లో మందులూ సామగ్రీ పట్టుకొచ్చే విమానాలు దిగాలంటే ఎవరో ఆ పట్టీని గజం గజం ఏరి శుభ్రం చేసి ఉండాలి. ఎవరో దీపాలు మళ్లీ వెలిగించి ఉండాలి. ఎవరో గాలి దిక్కు చూసి చెప్పి ఉండాలి. వాళ్ల ఇళ్లూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. వాళ్ల ఇళ్ల కప్పులూ ఎగిరే ఉంటాయి. వాళ్ల పేర్లు ఎక్కడా అచ్చు కాలేదు.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం తలపెట్టారు. కొండల గిన్నెలో లేని జాగా అది. పౌర ప్రయాణికులు అటు మళ్లడం మంచిదే. కానీ ఈ పల్లంలో నౌకాదళం ఉంటుంది, మంచు ఉంటుంది, పోటు ఉంటుంది. టికెట్లు కొనేవాళ్లం మనం అటు మళ్లాక ఈ గెడ్డ గురించి అడిగే గొంతు తగ్గిపోతుందేమోనన్నదే నా దిగులు.

ఇప్పటికీ రోజుకి రెండుసార్లు, పొద్దున అయిదున్నరకీ సాయంత్రం అయిదున్నరకీ ఇంచుమించు ఆ వేళలకే, వాతావరణ శాఖ విశాఖ నుంచి హైడ్రోజన్ నింపిన బెలూను వదులుతుంది. అది పైకి పోతూ పోతూ మెట్టు మెట్టుకీ చలి, తేమ, గాలి చెబుతుంది. గిన్నె మీద మూత ఎంత ఎత్తున ఉందో దాంట్లోనే తేలుతుంది. బాబాయి గారికి ఇప్పుడు చూపు మందగించింది. బెలూను కనపడదు. మేఘాల ముక్కలూ లెక్కకు అందడం లేదంటారు. అయినా సాయంత్రం మేడ మీద కుర్చీ వేసుకుని కూర్చుంటారు. మొన్న వాన దంచి కొడుతుంటే గొడుగు పట్టుకుని వెళ్లి కిందికి రమ్మన్నాను. ఆయన పడమర వైపు, మేఘాద్రి ఉన్న దిక్కుకి తిరిగి కూర్చుని ఉన్నారు. చినుకుల హోరులో ఒక విమానం దిగుతున్న చప్పుడు, దాని వెనకే ఇంజన్లు తిరగేసిన గర్జన వినపడింది. అది ఆగేదాకా ఆయన కదల్లేదు. ఆగాక నా చెయ్యి పట్టుకుని లేస్తూ అడిగారు.

"ఇవాళ పోటెన్నింటికిరా అబ్బాయ్?"